తల దొరకని జంతువు

తల దొరకని జంతువుకు తల పెట్టించింది నాగేశ్వరి మేడమ్. ఆ తలకు ఆవు కళ్లు, ఆ కళ్లకు పొడుగాటి రెప్పలు కూడా పెట్టించింది. పిల్లలు భయపడకూడదట. కోట్ల ఏళ్ల కిందట గోదావరి దిక్కున ఆకులు మేసుకుంటూ తిరిగిన జీవానికి ఇంక కాటుక ఒక్కటే తక్కువ అని నేనంటే, మర్నాడు నిజంగానే కాటుక పెట్టించింది. ఆవిడతో హాస్యమాడితే ఇలాగే ఉండేది.

అది 2011, సెప్టెంబరు నెల. మాదాపూర్‌లో అద్దాల బిల్డింగుల వెనక, ఇంకా ఎవరూ ఏమీ కట్టని ఒక జాగాలో రేకుల షెడ్డు వేసి ఆవిడ ‘డైనో లోకం’ అని ఎగ్జిబిషన్ పెట్టింది. డిగ్రీ అయిపోయి ఇంట్లో కూర్చున్న నాకు అందులో గైడ్ ఉద్యోగం దొరికింది. ఆకుపచ్చ టీషర్టు వేసుకుని, పిల్లల గుంపును వెంటేసుకుని, ఏ జంతువు ఏం తినేదో ఇంగ్లిషులో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పాలి. మిగతా జంతువులన్నీ మోటార్ల మీద తలలాడించేవి, నోళ్లు తెరిచేవి. నడిచేది మాత్రం ఒక్క పొడుగు మెడ కోటాసారస్. దాని లోపల ఇద్దరు మనుషులుండేవారు. ముందు మనిషి మెడ గొట్టాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, జంతువు రొమ్ము దగ్గరున్న జాలీలోంచి చూస్తూ నడవాలి. వెనక మనిషి నడుం వంచి, ముందు మనిషి నడుం పట్టుకుని, ఏమీ కనబడకుండా నడవాలి. తోక బాధ్యత కూడా అతనిదే.

ఆ వెనక మనిషి పేరు సాయిలు. చందానగర్‌లో మేం కిరాయికుండే కాంపౌండ్‌లోనే ఉండేవాడు, నేను సాయిలన్న అని పిలిచేదాన్ని. అంతకుముందు తెల్లాపూర్ దిక్కు అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసేవాడు. ఇటుకల కంటే తోకే నయమనేవాడు.

కోటాసారస్ నిలబడే చోట ఒక బోర్డు ఉండేది. ఆదిలాబాద్ జిల్లాలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర దీని ఎముకలు దొరికాయని, కాళ్లవి, వెన్నువి, తుంటివి దొరికాయి గానీ తల మాత్రం దొరకలేదని, అందుకే తల ఊహించి చేశామని రాసి ఉండేది. దాని గొంతు ఎట్లా ఉండేదో ఎవరికీ తెలియదని చివర్న ఇంకో ముక్క. మా బాపుది కూడా ఆ జిల్లానే, చెన్నూరు దిక్కు. బోర్డు సంగతి ఇంట్లో చెప్పినరోజు ఆయన అన్నం కలపడం ఆపి, "గట్లయితె మనోడే" అన్నాడు. తర్వాత రెండు రోజులు ఎవరు కనబడినా, తెలంగాణకు అందరికంటే ముందు పుట్టినోడు ఒకడున్నాడని మొదలుపెట్టేవాడు.

మా బాపు కొమురయ్య ఆర్టీసీ డ్రైవరు. తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెలోకి ఆర్టీసీ కూడా దిగినప్పటి నుంచి ఆయన బస్సు డిపోలో ఉండేది, ఆయన డిపో గేటు ముందు టెంటులో ఉండేవాడు. పొద్దున టెంటు మొదలయ్యేది ఆయన గొంతుతోనే. మైకు అక్కర్లేని గొంతు. ఆయన ‘జై’ అంటే రోడ్డవతల చాయ్ తాగేవాళ్లు కూడా ‘తెలంగాణ’ అనేవారు. పక్కనే కండక్టర్ శేఖర్ కాక ఉండేవాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే బస్సు మీద డ్యూటీ చేశారు. బస్సు కదలాలంటే శేఖర్ కాక వెనక నుంచి రేకు మీద రెండు దెబ్బలు కొట్టి ‘రైట్ రైట్’ అనాలి, ఆగాలంటే ఒక్క దెబ్బ. అది బాపుకు ఎంతగా ఒంటబట్టిందంటే, నా చిన్నప్పుడు ఆయన మధ్యాహ్నం పడుకుని ఉంటే మంచం పట్టె మీద రెండు దెబ్బలు కొట్టి ‘రైట్ రైట్’ అనేదాన్ని. నిద్రలోనే కుడికాలు కిందికి నొక్కేవాడు. ఆయన కాలు నవ్వించినంతగా నన్ను ఏ బొమ్మా నవ్వించలేదు.

సమ్మె మొదట్లోనే ఒక సంగతి జరిగింది. అదే డిపోలో పనిచేసే ఒక డ్రైవరు, సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసుకు దింపే క్యాబ్ నడపడానికి గచ్చిబౌలి వెళ్తున్నాడని తెలిసింది. సమ్మె అయ్యేదాకా ఎవరూ గచ్చిబౌలి, మాదాపూర్ దిక్కున కూలికి పోవద్దని టెంటులో అందరూ ఒట్టు పెట్టుకుని ఉన్నారు. అతని ఇంటికి డప్పులతో ఊరేగింపుగా వెళ్లి, వాకిట్లో ఒక పళ్లెం పెట్టి వచ్చారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, చీర, గాజులు. ఆలోచన బాపుది. పళ్లెం మోసిందీ బాపే. ఇంటికొచ్చి ఆ సంగతి నవ్వుకుంటూ చెబుతుంటే మా అమ్మ అంజమ్మ రొట్టె కొడుతూ కొడుతూ ఆగింది.

"గాజులు తొడుక్కున్న చేతుల్తోనే గద నీకు వండి పెడుతున్న," అంది.

అది వేరే సంగతి అన్నాడు బాపు. ఏం వేరేనో మాత్రం చెప్పలేదు. నా చేతులకూ గాజులే ఉన్నాయి. అవి ఒకరికి సిగ్గుచేటు కావచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

నెల తిరిగేసరికి బాపుకు జీతం రాలేదు. నా టీషర్టు ఉద్యోగం మీదే ఇల్లు నడిచింది. నాకైతే లోపల కొంచెం గర్వంగానే ఉండేది. బాపు మాత్రం రెండోసారి అన్నం అడగడం మానేశాడు. పళ్లెం తీసుకుని బయట గోడ దగ్గర కూర్చుని, మాకు వీపు పెట్టి తినేవాడు. ఒకరోజు నల్లా దగ్గర పక్కింటి రత్నమ్మ, "బిడ్డ తెచ్చి పెడ్తే బాపు సమ్మె చెయ్యవట్టె" అని నవ్వింది. మంచి మనసుతోనే అంది, ఆమె మాట తీరే అంత. బాపు బిందె సగం నిండగానే ఎత్తుకుని లోపలికి వచ్చేశాడు. ఆ రాత్రి మా ముగ్గురిలో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

అప్పుడే ఎగ్జిబిషన్‌లో ముందు కాళ్లు పోయాయి. కోటాసారస్ ముందు భాగంలో ఉండే అతను బతుకమ్మ పండక్కి వరంగల్ వెళ్లి, బస్సులు లేక, రైళ్లు ఆగి, తిరిగి రాలేకపోయాడు. సింగరేణి బొగ్గు ఆగిపోయి కరెంటు కోతలు మొదలయ్యాయి. జనరేటర్ లైట్లకు, టికెట్ కౌంటరుకే సరిపోయేది. మోటారు జంతువులన్నీ నోరు తెరిచినవి తెరిచినట్టే నిలబడిపోయాయి. బడులు మూతబడి ఇళ్లలో గోల చేస్తున్న పిల్లలను తీసుకుని కార్లలో తల్లిదండ్రులు వస్తూనే ఉన్నారు. వచ్చి, ఏదీ కదలడం లేదని డబ్బు వెనక్కి అడిగేవారు. నడవగలిగిన ఒక్క జంతువుకు ముందు మనిషి లేడు. నాగేశ్వరి మేడమ్ మా గైడ్ పిల్లలను పిలిచి, "రేపటికి ఆ ముందు కాళ్లు దొరక్కపోతే మూసేస్తానండి, నేను మాత్రం ఎన్నాళ్లు లాగుతాను" అంది. నాలాంటి వాళ్లను కూడా అండీ అనే మనిషి, ఆవిడను తిట్టుకోవడానికీ నోరు రాలేదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని నా ఉద్యోగం రేపటితో సరి అని చెప్పాను. అమ్మ నిట్టూర్చింది. బాపు చెయ్యి కడుక్కుని బయటికి నడిచాడు.

మర్నాడు నేను వెళ్లేసరికే కోటాసారస్ తయారుగా ఉంది. సాయిలన్న తన దోస్తునెవరినో తీసుకొచ్చాడని, ఇద్దరూ లోపలికి దూరిపోయారని చెప్పారు. నేను పిల్లల ముందు నిలబడి, ఇంత పొడుగు మెడ ఎందుకంటే చెట్ల పైకొమ్మల ఆకులు అందుకోవడానికి అని చెబుతున్నాను. జంతువు అవతలి మూల నుంచి వస్తోంది. పాత మనిషి అయితే ఆ మూలమలుపు దగ్గర అడ్డంగా తిరిగి, తోకతో తాడు స్తంభాన్ని పడగొట్టేవాడు. ఈ మనిషి అట్లా చేయలేదు. మలుపుకు ముందే దూరంగా జరిగి, తాడు దాకా వెళ్లి, వెనక భాగం పూర్తిగా తిరిగేదాకా ఆగి, అప్పుడు నెమ్మదిగా ముందుకు వచ్చాడు. చందానగర్ మార్కెట్‌లో బండ్ల మధ్య నుంచి బస్సును అట్లా తిప్పే మనిషిని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. జంతువు నా పక్కన ఆగింది. లోపల్నుంచి రెండు దెబ్బలు, సాయిలన్న గొంతు మెల్లగా ‘రైట్ రైట్’ అనడం వినిపించాయి. జంతువు కదిలింది.

నాకు ముందు కలిగింది సిగ్గు. ఇంకేదో కలిగిందని ఇప్పుడు చెప్పుకుంటే బాగుంటుంది గానీ అది అబద్ధమవుతుంది. పిల్లలు తోక పట్టి లాగుతున్నారు. ఒక పాప రొమ్ము దగ్గర జాలీలో పాప్‌కార్న్ కుక్కుతోంది. ప్రతి ఆటలోనూ చివర్న నేనొక మాట అనాలి, అది నా ఉద్యోగం. "కోటా, పిల్లలకు నమస్తే పెట్టు" అన్నాను. మెడ కిందికి వంగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఎన్ని గుంపులు వస్తే అన్నిసార్లు మా బాపుతో నేను దండం పెట్టించాను.

మధ్యాహ్నం, జంతువును విప్పి పెట్టే చోట అడ్డంగా కట్టిన నల్ల గుడ్డ వెనక్కి నీళ్లు పట్టుకెళ్లాను. బాపు చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. రెగ్జిన్ వాసన, చెమట వాసన. రెండు భుజాల మీదా గొట్టం ఒరుసుకున్న ఎర్రటి గీతలు. నీళ్లన్నీ తాగి, గ్లాసు కింద పెట్టి, నా మొహం చూడకుండానే మాట్లాడాడు. పొద్దున టెంటుకు పోయి నినాదాలిచ్చి, నడుం నొప్పికి దవాఖానకు పోతున్నానని చెప్పి వచ్చాడట. అమ్మకు చెప్పవద్దన్నాడు. శేఖర్‌కు అసలు తెలియొద్దన్నాడు. ఆ తర్వాత కొంచెం తేలికపడి, సాయిలుకు కండక్టర్ పని నేర్పానని చెప్పాడు.

"ఒక్క దెబ్బ కొడితె ఆపుత, రెండు కొడితె పోత," అన్నాడు. "గా రెండు దెబ్బలు ఇనబడితె సాలు బిడ్డా, నా కాలు నన్ను అడగది."

సాయిలన్న పక్కనే కూర్చుని బీడీ వెలిగిస్తూ, గేర్లు ఒక్కటే తక్కువ అన్నాడు. ముగ్గురం నవ్వాం. అట్లా కొన్నాళ్లు గడిచాయి. పొద్దున టెంటులో పిడికిలెత్తిన చేతులే ఆ వెంటనే మెడ గొట్టం ఎత్తేవి. అవి మళ్లీ సాయంత్రం ఇంట్లో రెండోసారి అన్నానికి చాచుకునేవి. అమ్మకు సంగతి తెలిసిపోయిందని నాకు అర్థమైంది. రాత్రిపూట ఆయన భుజాలకు, ఆ గీతల వెంబడే, కొబ్బరినూనె రాసేది.

దసరా వెళ్లాక ఒక బంద్ రోజు వచ్చింది. మేడమ్ షట్టర్ సగానికి దించి, లోపల ఆట నడిపిస్తూనే ఉంది. పదకొండు దాటాక రోడ్డు మీద డప్పుల చప్పుడు వినిపించింది. ఆఫీసులు, మాల్స్ మూయించుకుంటూ ఊరేగింపు వస్తోంది. అది వేరే ఏ గుంపైనా బాగుండేది. షట్టర్ కింద నుంచి వంగి ముందుగా లోపలికొచ్చింది శేఖర్ కాక. ఆయన వెనక డిపో వాళ్లు, మెడలో గులాబీ కండువాలు, చేతుల్లో జెండా కర్రలు.

వాళ్లు దౌర్జన్యంగా ఏమీ చేయలేదు. పిల్లలున్నారండీ అని మేడమ్ చేతులు జోడిస్తే, "ఫికర్ చేయకమ్మా, పిల్లల్ని నిమ్మలంగ పంపుండ్రి, అటెన్కనే మూయుండ్రి" అన్నాడు శేఖర్ కాక. నన్ను చూసి, నువ్విక్కడా పనిచేసేది అని ఆశ్చర్యపోయాడు. బాపు నడుం నొప్పి ఎట్లా ఉందని అడిగాడు. తగ్గలేదన్నాను. కరెంటు లేక, జనరేటర్ కూడా ఆపేసిన షెడ్డులో రేకుల సందుల్లోంచి వచ్చే వెలుతురే ఉంది. ఆ వెలుతురు సరిగ్గా హాలు మధ్యలో, నల్ల గుడ్డ దాకా పోవడానికి వ్యవధి దొరకక ఆగిపోయిన కోటాసారస్ మీద పడుతోంది.

పిల్లలు వెళ్లిపోతుంటే డిపో వాళ్లు తిరిగి చూడడం మొదలుపెట్టారు. వాళ్లూ ఎన్నడూ చూసినవి కావు. ఒకాయన బోర్డు గట్టిగా చదివాడు. ఆదిలాబాద్ అనే మాట రాగానే అందరూ జంతువు చుట్టూ చేరారు. మనోడే గదరా అన్నారు. ఎవరో తన మెడలోని కండువా తీసి, జెండా కర్రతో పైకెత్తి, ఆ పొడుగు మెడకు వేశారు. బాగా నవ్వారు. ఆ తర్వాత ఒకడు దాని ముందుకొచ్చి, మనోడైతే జై తెలంగాణ అనాలె అన్నాడు. పిడికిలెత్తి ‘జై’ అన్నాడు.

జంతువు నిలబడి ఉంది.

మళ్లీ అన్నాడు. ఈసారి అందరూ కలిసి ‘జై’ అని, జవాబు కోసం చెవులు దానివైపు పెట్టి, నవ్వుతూ ఆగారు. మెడ జానెడు పైకి లేచి ఆగడం నాకు కనిపించింది. ఆ సమ్మె మొత్తం ఎవరు ‘జై’ అన్నా బదులివ్వకుండా ఉండని మనిషి లోపల ఉన్నాడు. ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, ఆ గొంతు వీళ్లలో తెలియని వాడు లేడు. తెలిస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. వచ్చేటప్పుడు ఆ డప్పులు ఎట్లా మోగుతాయో, పళ్లెంలో ఏమేం ఉంటాయో బాపే మాకు చెప్పాడు.

"లోపల ఎవలో ఉన్నర్రా," అంటూ ఒకడు జాలీ దగ్గర వంగబోయాడు. ఇంకొకడు పొట్ట కింద జిప్ కోసం తడుముతున్నాడు. నేను వెళ్లి వాళ్ల మధ్యలో నిలబడ్డాను.

"ఎవలు లేరు," అన్నాను. "లోపల మనిషి లేడు. బ్యాటరీ మీద నడుస్తది."

నా గొంతు నాకే, కౌంటరు దగ్గర మాట్లాడే మేడమ్ గొంతులా వినిపించింది. వంగినతను లేచాడు. జిప్ వెతుకుతున్నతను చేతులు దులుపుకున్నాడు. శేఖర్ కాక నవ్వుతూ, గంతేనా, నేనింకా ఎవడో పాపం అనుకున్న అన్నాడు. అని, పోయే ముందు ఊరికే, బస్సుకు కొట్టినట్టే, జంతువు పక్కటెముకల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"రైట్ రైట్."

జంతువు కుడికాలు ముందుకు పడింది. తర్వాత ఎడమ కాలు. వెనక సాయిలన్న తడబడి రెండడుగులు వేశాడు. ఆ తర్వాత ఆగిపోయింది.

ఎవరూ నవ్వలేదు. శేఖర్ కాక చెయ్యి గాల్లోనే ఉంది. ఆయన ముందు ఆ కాళ్లవైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు. మిగతావాళ్లకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. ఒకరిద్దరు మాత్రం జెండా కర్రలు కిందికి దించారు.

"బ్యాటరీనే ఉన్నట్టున్నది," అన్నాడు శేఖర్ కాక. "పాండి ఇగ. ఇంకా కొండాపూర్ దాక పోవాలె."

డప్పుల చప్పుడు చాలా దూరం వెళ్లేదాకా జంతువు కదలలేదు. సాయిలన్నే వెనక నుంచి బయటికొచ్చి ముందు జిప్ తీశాడు. బాపు బయటికి వచ్చి, చొక్కా పిండుకుని, చెప్పులు వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. మేడమ్‌కు ఏమీ చెప్పలేదు. నేను వెనకే వెళ్లాను. ఎండలో మాదాపూర్ నుంచి చందానగర్ దాకా నడక. రోడ్లు ఖాళీగా ఉన్నాయి. మలుపుల దగ్గర కూడా ఆయన దూరంగా జరిగి నడుస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. ఇల్లు దగ్గరపడ్డాక ఆగి, నేను వచ్చేదాకా చూశాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా," అన్నాడు. "లోపల మనిషి లేడని."

కోపంగా అనలేదు. నన్ను ఎత్తిపొడవాలనీ అనలేదు. డ్యూటీలో ఎవరైనా దారి సరిగ్గా చెబితే అనేటట్టు అన్నాడు. నాకు అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయనను కాపాడాననే అనుకున్నాను. కాపాడాను కూడా. కానీ ఆ మాటను ఆయన జాలీ వెనక నిలబడి, మెడ ఎత్తిపట్టుకుని, నా నోటి నుంచి విన్నాడు.

ఇంటికెళ్లి అమ్మతో అంతా చెప్పాడు. రేపు పళ్లెం వస్తది అన్నాడు. మర్నాడు పొద్దున అమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, ముగ్గు వేసి, గడపలో కూర్చుంది. వచ్చినవాళ్లకు మంచినీళ్లయినా ఇవ్వాలంది. రోడ్డు మీద డప్పు వినబడినప్పుడల్లా బాపు లేచి చొక్కా వేసుకునేవాడు. డప్పు దాటిపోయేది. ఆ రోజు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. శేఖర్ కాక కూడా రాలేదు. టెంటు నుంచి కబురూ రాలేదు. బాపు అటు వెళ్లలేదు. టెంటు చప్పగా ఉందని, కొమురయ్య లేకపోతే నినాదం లేస్తలేదని రత్నమ్మే వచ్చి చెప్పింది.

"గా క్యాబ్ నడిపిన పిలగానికి పళ్లెం పెట్టినం గద," అన్నాడు బాపు ఒక సాయంత్రం అమ్మతో. "నాకెందుకు పెడ్తలేరు?"

పెడితే ఒక పూట ఏడ్చి ఊరుకునేవాళ్లం. పెట్టకపోవడంతో ఆ పళ్లెం మా ఇంట్లోనే ఉన్నట్టయింది.

మరుసటి రోజు ఆయన ఆ క్యాబ్ నడిపిన డ్రైవరు ఇంటికి వెళ్లి వచ్చాడు. అతను ఇంట్లో లేడట. భార్య లోపలికి రమ్మని, చాయ్ పెట్టిచ్చిందట. చాయ్ ఇచ్చిన ఆ చేతులకు, తను పళ్లెంలో పెట్టిన గాజులే ఉన్నాయట. పారేయడానికి పాణం ఒప్పక తొడుక్కున్నానని ఆమె నవ్విందట. బాపు చాయ్ పూర్తిగా తాగి వచ్చాడు. తాగకపోతే బాగుండదని.

అక్టోబరు సగం దాటాక ఆర్టీసీ వాళ్లు సమ్మె ఆపారు. బాపు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుని డ్యూటీకి వెళ్లాడు. కోటాసారస్‌కు మళ్లీ ముందు కాళ్లు దొరకలేదు. డైనో లోకం మూతబడింది. నా ఉద్యోగం కోసం ఆయన పడ్డదంతా అట్లా ముగిసింది. ఆ తర్వాత కొన్నేళ్లకు తెలంగాణ వచ్చిననాడు కూడా బాపు జై అనడం నేను వినలేదు. కాంపౌండ్ అంతా అరుస్తుంటే పిడికిలి ఒక్కటే ఎత్తాడు.

కానీ నేను మరిచిపోలేనిది ఆ సమ్మె ముగిశాక వారం తిరక్కముందే జరిగింది. ఇంకో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉందని పొద్దున్నే చందానగర్ స్టాప్‌లో బస్సెక్కాను. అది బాపు బస్సు. ముందు తలుపు దగ్గర ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. శేఖర్ కాక వెనక టికెట్లు కొడుతున్నాడు. జనం ఎక్కడం అయిపోయింది. బస్సు కదలలేదు.

అప్పుడు అర్థమైంది. శేఖర్ కాక రేకు మీద కొట్టడం లేదు. ఖాళీగా ఉన్నప్పుడైతే ముందుదాకా నడిచొచ్చి, ‘పోదామన్నా’ అని మెల్లగా చెప్పి వెళ్తున్నాడని పక్కనున్న పూలమ్మే ఆమె విసుక్కుంది. కొత్త పద్ధతి తెచ్చారట. ఈ రోజు జనంలోంచి ముందుకు రావడానికి ఆయనకు దారి లేదు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. పోనియ్యరేందని ఎవరో అరిచారు. బాపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"శేఖర్," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. సమ్మె టెంటులో మైకు అక్కర్లేని గొంతు అది. బస్సు సద్దుమణిగింది. "రైట్ అనురా."

శేఖర్ కాక టికెట్ల కట్ట వైపు చూస్తూ ఉన్నాడు.

"అను," అన్నాడు బాపు. "గది ఇనబడకుంటె కాలు లేస్తలేదు."

జనం తలల మీదుగా శేఖర్ కాక నావైపు చూశాడు. అనమంటావా అని నన్నే అడిగినట్టు చూశాడు. నేను అవునని తల ఊపితే సరిపోయేది. ఊపలేకపోయాను. చివరికి రేకు మీద రెండు దెబ్బలు వినిపించాయి, తలుపు తట్టినంత మెల్లగా.

"రైట్ రైట్, కొమురన్నా."

బస్సు కదిలింది. డ్రైవర్ ముందున్న అద్దంలో బాపు మొహం కనిపించింది. దారి చూడాల్సిన మనిషి ఒక్క క్షణం నన్ను చూశాడు, నేనక్కడ ఉన్నానో లేదో చూసుకుంటున్నట్టు. నేను తల దించుకుని, నా చేతి గాజులు చూసుకుంటూ నిలబడ్డాను.